బొమ్మకు తొడిగిన నల్లకోటు

ఫ్యాషన్ బొమ్మలు సేకరించే పెద్దవాళ్ల లోకం బయటికి కనిపించేంత ప్రశాంతంగా ఉండదు. పెట్టె సీలు విప్పకుండా దాచుకునేవాళ్లకు, బొమ్మ ముఖం మీది రంగు తుడిచేసి తమకు నచ్చినట్టు మళ్లీ వేసుకునేవాళ్లకు అసలు పడదు. జుట్టు ఏ పోగుతో చేశారన్న దాని మీద కూడా మాటా మాటా పెరుగుతుంది. కానీ వీటన్నిటికంటే ఎక్కువ వేడి పుట్టించేది ఒక రకం డ్రెస్. నల్లటి పొడవాటి కోటు, నడుముకు వెడల్పాటి బెల్టు, భుజం మీంచి ఏటవాలుగా దిగే తోలు పట్టీ, మోకాళ్ల దాకా బూట్లు, ముందు వైపు ఎత్తుగా లేచిన టోపీ, చేతికి ఎర్ర పట్టీ. పట్టీ మీద నాజీ గుర్తు ఉండదు. ఆ చోట ఏ గులాబీ పువ్వో, ఏ శిలువో, ఉత్తి ఒక అక్షరమో ఉంటుంది. ఒకరు "ఎంత బాగుందో" అంటారు. ఇంకొకరు "అది నాజీ యూనిఫాం, కనబడట్లేదా?" అంటారు. మూడో మనిషి వచ్చి "బొమ్మే కదండీ" అంటాడు. ఇక అంటుకుంటుంది.

ఈ ముగ్గురూ ఒకే విషయం మీద పోట్లాడుతున్నట్టు కనిపిస్తారు గానీ, కాదు. మొదటి మనిషి కుట్టుపని గురించి మాట్లాడుతోంది. రెండో మనిషి మాట్లాడేది చరిత్ర గురించి. మూడోవాడి బాధ వేరు. తన సరదాను ఎవరో వచ్చి తప్పు పడుతున్నారన్నదే అతని బాధ. అందుకే ఎన్నిసార్లు వాదించుకున్నా ఎక్కడికీ తేలదు. ముందు ఈ చిక్కును పోగు పోగుగా విడదీయాలి.

దీనికి బొమ్మల కంటే మనుషుల ఉదాహరణ ఒకటి బాగా పనికొస్తుంది. జపాన్‌లో కెయాకిజాకా46 అని అమ్మాయిల పాటల బృందం ఉండేది. 2016 అక్టోబర్ 22న యొకొహామాలో హాలోవీన్ కచేరీ చేశారు. ఆ రోజు వాళ్లు వేసుకున్నవి నల్ల గౌన్లు, భుజాల మీద నల్లటి కేప్‌లు, గద్దలాంటి బొమ్మ ఉన్న అధికారి టోపీలు. స్వస్తిక్ ఎక్కడా లేదు. ఫొటోలు బయటికి రాగానే అమెరికాలోని సైమన్ వీసెంతాల్ సెంటర్ అభ్యంతరం చెప్పింది. యూదుల ఊచకోత జ్ఞాపకాన్ని కాపాడటానికి పనిచేసే సంస్థ అది. బృందం పాటల్ని విడుదల చేసే సోనీ మ్యూజిక్ క్షమాపణ చెప్పి ఆ దుస్తులు ఇక వాడమంది. బృందాన్ని తయారుచేసిన యాసుషి అకిమొతో కూడా తన పర్యవేక్షణ లోపమని ఒప్పుకున్నారు. విచిత్రం ఏమిటంటే, అంతకు ఐదేళ్ల ముందు, 2011లో, కిషిదాన్ అనే మరో జపాన్ బ్యాండు ఒక టీవీ కార్యక్రమంలో ఇలాంటి వేషమే వేస్తే అప్పుడూ క్షమాపణ చెప్పింది సోనీయే. 2018లో కొరియా బ్యాండు బీటీఎస్ వంతు వచ్చింది. ఒక సభ్యుడు పాత ఫొటోషూట్‌లో పెట్టుకున్న టోపీ మీద నాజీల పుర్రె గుర్తు ఉందని బయటపడింది.

కెయాకిజాకా దుస్తుల్ని సమర్థించినవాళ్ల మాట ఒకటుంది. కలెక్టర్లు బొమ్మల విషయంలో చెప్పేది కూడా అచ్చం అదే. "నాజీ గుర్తు ఏదీ లేదు కదా? ఇది ప్రష్యన్ స్టైల్." వినడానికి న్యాయంగానే ఉంటుంది. ప్రష్యా అంటే నాజీలకు చాలా ముందునాటి జర్మన్ రాజ్యం. ఇనుప శిలువ పతకాన్ని 1813లో పెట్టింది ఆ ప్రష్యా రాజే. పుర్రె గుర్తు 18వ శతాబ్దంలోనే ప్రష్యా గుర్రపు దళాల టోపీల మీద ఉండేది. గద్ద అయితే రోమన్ల కాలం నాటిది. నల్లరంగు ఎవరి సొత్తూ కాదు. ఇలా ఒక్కొక్క ముక్కనూ పట్టుకుని అడిగితే దేన్నీ నాజీలు కనిపెట్టలేదన్న జవాబే వస్తుంది.

అయితే పసుపు, కుంకుమ, తమలపాకులు, వక్కలు, రవికె గుడ్డ కూడా అంతే. విడివిడిగా అవి వంటింట్లోనో కిరాణా కొట్లోనో బీరువాలోనో ఉండే మామూలు వస్తువులు. అన్నీ కలిపి ఒక పళ్లెంలో పెడితే, తెలుగింట పుట్టిన ఆరేళ్ల పిల్ల కూడా అది వాయనమని చెప్పేస్తుంది. అప్పుడు "ఇది వాయనం ఎలా అవుతుంది, ఇది వక్క, అది ఆకు" అని వాదిస్తే ఎవరైనా నవ్వుతారు. కూర్పులో అర్థం ఉంటుంది. జర్మనీ చట్టానికి ఈ సంగతి తెలుసు. ఆ దేశ శిక్షాస్మృతిలోని 86ఎ సెక్షన్ నిషేధిత సంస్థల జెండాలు, గుర్తులతోపాటు యూనిఫాం భాగాలను కూడా నిషేధించింది. అసలు గుర్తే అనుకుని పొరబడేంత దగ్గరి పోలిక ఉన్నవాటికీ అదే వర్తిస్తుందని స్పష్టంగా రాసింది. మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. కళ, బోధన, పరిశోధన లాంటివాటికి మినహాయింపు ఉంది.

ఇక ఆ డ్రెస్ అందం సంగతి. "ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ బాగుంది" అనే కలెక్టర్లు ఉంటారు. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, ఎందుకంటే అది బాగుండాలనే చేశారు. నాజీ పార్టీ సొంత సాయుధ దళాలైన ఎస్ఎస్ దళాల నల్ల యూనిఫాంను 1932లో రూపొందించింది కార్ల్ డీబిచ్, వాల్టర్ హెక్ అనే ఇద్దరు. డీబిచ్ చిత్రకారుడు, హెక్ గ్రాఫిక్ డిజైనర్. చూసేవాడికి భయమూ వేసుకునేవాడికి గర్వమూ కలగాలి, చూసిన కుర్రాడికి నేనూ చేరాలనిపించాలి. అదే ఆ బట్టల పని. దీన్ని హ్యూగో బాస్, అంటే ఇప్పటి ఫ్యాషన్ కంపెనీకి ఆ పేరు వచ్చిన మనిషి, డిజైన్ చేశాడని చాలామంది చెబుతారు, అది తప్పు. మెట్సింగెన్ అనే ఊళ్లో బట్టల ఫ్యాక్టరీ నడిపిన బాస్ 1931లోనే నాజీ పార్టీలో చేరాడు. యూనిఫాంలు కుట్టించి అమ్మాడు గానీ గీసింది అతను కాదు. యుద్ధకాలంలో అతని ఫ్యాక్టరీలో 140 మంది బలవంతపు కూలీలు పనిచేశారు, ఎక్కువమంది ఆడవాళ్లే. 40 మంది ఫ్రెంచి యుద్ధఖైదీలు కూడా ఉన్నారు. కంపెనీ 2011లో ఒక చరిత్రకారుడి చేత ఈ గతాన్ని రాయించి విచారం ప్రకటించింది.

ఇంకో సంగతి. యుద్ధం మొదలయ్యేనాటికే ఎస్ఎస్ వాళ్లు నల్లబట్టల్ని చాలావరకు పక్కన పెట్టి బూడిదరంగుకు మారారు. ఊచకోతలు ఎక్కువగా జరిగింది ఆ బూడిదరంగు బట్టల్లోనే. కానీ ఫ్యాషన్ వాళ్లకూ కాస్ట్యూమ్ వాళ్లకూ ఎప్పుడూ నల్లదే కావాలి. అంటే బొమ్మకు తొడుగుతున్నది యుద్ధభూమి బట్ట కాదు, ప్రచారానికి కుట్టిన కవాతు బట్ట. "మాకు రాజకీయాలు వద్దు, మేం అందం మాత్రమే చూస్తున్నాం" అనేవాళ్లతో నాకున్న పేచీ ఇదే. ఆ బట్టకున్న రాజకీయమే దాని అందం.

అలాగని మిలిటరీ స్టైల్ ఉన్న ప్రతిదాన్నీ అనుమానించలేం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ అధికారులు వేసుకున్న ట్రెంచ్ కోటు ఇప్పుడు ఆఫీసుకు వేసుకెళ్లే డ్రెస్. ఖాకీ అనే మాట మన దేశం నుంచే ఇంగ్లీషు సైన్యంలోకి వెళ్లింది. జపాన్ స్కూలు పిల్లల డ్రెస్సులు చూడండి. ఆడపిల్లల సైలర్ డ్రెస్ యూరప్ నావికుల నుంచి, మగపిల్లల నిలువు కాలరు కోటు యూరప్ సైన్యాల నుంచి వచ్చాయి. అక్కడి బొమ్మల డిజైనర్లకు గుండీల వరుస, భుజకీర్తులు చిన్నప్పటి నుంచీ ఒంటి మీద ఉన్నవే. వాళ్ల చేతి నుంచి సైనిక బట్టలు ఎక్కువగా రావడంలో ఆశ్చర్యం లేదు, దురుద్దేశమూ వెతకక్కర్లేదు. దురుద్దేశం లేకపోతే తప్పే లేదనుకోవడం మాత్రం వేరే సంగతి.

ఇక్కడ ఎదుటివాళ్లు ఒక బలమైన ప్రశ్న వేస్తారు. సైనికుల బొమ్మలు చేసే కంపెనీలు అచ్చమైన జర్మన్ సైనికుణ్ణే అమ్ముతున్నాయి కదా, వాళ్లను వదిలేసి మా మీద పడతారేం అని.

1964లో హాస్‌బ్రో కంపెనీ జీఐ జో అనే సైనికుడి బొమ్మను తెచ్చింది. అమెరికాలో మగపిల్లలకు బొమ్మ కొనిపెట్టడానికి తండ్రులు ఒప్పుకోరని భయపడి, దాన్ని బొమ్మ అనకుండా 'యాక్షన్ ఫిగర్' అన్నారు. ఆ పేరు పుట్టింది అలా. వ్యాపార సూత్రం మాత్రం బార్బీ నుంచి ఎత్తుకొచ్చిందే. బొమ్మ ఒకసారి కొంటారు, బట్టలూ సామానూ జీవితమంతా కొంటారు. బార్బీ పదకొండున్నర అంగుళాలు, జో కాస్త అటూ ఇటుగా పన్నెండు. 1966లో వాళ్లే 'ప్రపంచ సైనికులు' అని ఒక వరుస విడుదల చేశారు. అందులో బ్రిటిష్ కమాండో, ఫ్రెంచి ప్రతిఘటన యోధుడు, ఆస్ట్రేలియా, రష్యా సైనికులతోపాటు జర్మన్ స్టార్మ్ ట్రూపర్, జపాన్ సామ్రాజ్య సైనికుడు కూడా ఉన్నారు. యుద్ధం ముగిసి అప్పటికి 21 ఏళ్లే. కొనిపెట్టిన తండ్రుల్లో ఆ యుద్ధంలో పోరాడి వచ్చినవాళ్లు ఉంటారు. పిల్లల ఆటలో శత్రువు కూడా కావాలి, లేకపోతే కమాండో ఎవరితో పోరాడతాడు?

ఈ రోజుకూ హాంకాంగ్ కంపెనీలు అదే సైజులో రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సైనికుల్ని, గుండీతో సహా లెక్క తప్పకుండా చేసి పెద్దవాళ్లకు అమ్ముతున్నాయి. వాటి మీదా అభ్యంతరాలు ఉన్నాయి. కొనేవాళ్లందరూ చరిత్ర విద్యార్థులని నేను నమ్మను. అయినా ఒక తేడా ఉంది. ఆ పెట్టె మీద వాడెవడో రాసి ఉంటుంది. ఏ దళం, ఏ ఏడాది, ఏ యుద్ధభూమి అన్నీ ఉంటాయి. కొన్నవాడు నేనేం కొన్నానో నాకు తెలియదనడానికి వీల్లేదు. పిల్లాడు అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఫ్యాషన్ బొమ్మ దగ్గర జరిగేది దీనికి తిరగబడిన పని. పేరు తీసేస్తారు, సంవత్సరం తీసేస్తారు, గుర్తు తీసి గులాబీ పెడతారు. కోటు, బూటు, టోపీ, నిలబడే తీరు అలాగే ఉంచుతారు. నేరం వెళ్లిపోయి సోకు మిగులుతుంది. గుర్తు తీసేశాం కాబట్టి తప్పు తగ్గిందని తయారీదారు అనుకుంటాడు. నా దృష్టిలో అభ్యంతరం పెరిగేది అక్కడే. కలెక్టర్లలో చాలామంది ఈ తేడాను పట్టుకోలేక "నిజమైన స్వస్తిక్ ఉన్న సైనికుడి బొమ్మను ఏమీ అనరు, ఉత్తి కోటును పట్టుకుని ఏడుస్తారు" అని విసుక్కుంటారు. వాళ్ల విసుగు నాకు అర్థమవుతుంది, తర్కం మాత్రం తలకిందులుగా ఉంది.

బార్బీ కూడా సైన్యంలో చేరింది. 1989 నుంచి కొన్నేళ్లపాటు ఆర్మీ, వైమానిక దళం, నౌకాదళం, మెరైన్స్ ఇలా వరుసగా యూనిఫాం బార్బీలు వచ్చాయి. ఆ బట్టల వివరాలను అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ చూసి సరేనన్నాకే విడుదల చేశారు. అమెరికా తల్లికి అందులో ఉద్యోగం చేసే ఆడది కనిపిస్తుంది. అమెరికా బాంబులు పడిన ఊళ్లోని తల్లికి అలా కనిపించదు. దీన్ని నాజీ కోటుతో సమానం చేసి మాట్లాడేవాళ్లు ఉన్నారు, నేను చేయను. యూనిఫాం ఎక్కడైనా ఒకరికి కొడుకు, ఇంకొకరికి పీడకల అన్నంత వరకే ఈ ఉదాహరణ.

దూరం చాలా పని చేస్తుంది. 2001లో చైనా నటి ఝావో వెయ్ న్యూయార్క్‌లో ఒక ఫ్యాషన్ పత్రిక కోసం జపాన్ ఉదయసూర్య పతాకం డిజైన్ ఉన్న గౌను వేసుకుంది. కుట్టిన డిజైనర్లకు అది ఎర్ర కిరణాల బొమ్మ. చైనాలో అది ఆక్రమణ సైన్యం జెండా. ఆమె బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది, ఆ తర్వాత వేదిక మీద దాడి కూడా జరిగింది. మనకు ఆ గౌను చూస్తే ఏమీ అనిపించదు. అలాగే హిట్లర్ పేరు వింటే మనకు సరిగ్గా ఏమీ అనిపించదు. చండశాసనుడైన హెడ్మాస్టరును హిట్లర్ అంటాం, సగం మెచ్చుకోలుగానే. 2006లో నవీ ముంబైలో ఆ పేరుతో ఒక హోటల్ పెట్టారు, 2012లో అహ్మదాబాద్‌లో ఒక బట్టల కొట్టు తెరిచారు. రెండు చోట్లా గొడవయ్యాక పేరు మార్చుకున్నారు. చెడ్డవాళ్లు కాబట్టి పెట్టారని అనలేం. అరవై లక్షల మంది యూదుల చావు మన పాఠ్యపుస్తకంలో ఒక పేరా, అంతే.

మనకు దగ్గరగా తెచ్చుకుంటే నొప్పి తెలుస్తుంది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు ఏం చేశారో తెలంగాణలో ఇప్పటికీ ఇళ్లల్లో చెప్పుకుంటారు. రేపు ఎక్కడో దూరదేశపు కంపెనీ రజాకార్ల దుస్తుల్ని కాస్త నడుం దగ్గర బిగించి, మెరిసే గుండీలు పెట్టి, ఒక అందాల బొమ్మకు తొడిగి, ఏదో 'దక్కన్ సుందరి' అని పేరుపెట్టి అమ్మిందనుకోండి. ఆ ఊరి ముసలమ్మ దగ్గరికి వెళ్లి "బొమ్మే కదమ్మా" అనగలమా? గుర్తులేవీ లేవు చూడండి అని నిరూపించగలమా?

స్వస్తిక్ దగ్గర తెలుగువాళ్లకు మరో మెలిక ఉంది. గడప మీద, కొత్త లెక్కల పుస్తకం మొదటి పేజీలో, కొన్న కారు బానెట్ మీద గీసే గుర్తు అది. అమెరికాలో ఇంటి ముందు దాన్ని చూసి పక్కింటివాళ్లు హడలిపోతే వివరించలేక తలపట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. అందుకే అక్కడి హిందూ, బౌద్ధ, జైన సంఘాలు నాజీ గుర్తును దాని జర్మన్ పేరు హాకెన్‌క్రాయిట్జ్‌తో, అంటే కొక్కెపు శిలువ అని పిలవమని అడుగుతున్నాయి. 2022లో కాలిఫోర్నియా తన ద్వేష చిహ్నాల చట్టాన్ని సవరించినప్పుడు ఈ తేడాను గుర్తించింది. గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ కూడా మన వాదన కూర్పు మీదే నిలబడుతుంది. పసుపు పూసిన గడప మీద, నాలుగు చుక్కలతో ఉన్నది వేరు, ఎర్రగుడ్డ మీద తెల్లటి వలయంలో నల్లగా ఏటవాలుగా ఉన్నది వేరు అంటాం. సందర్భమే అర్థం అని మన స్వస్తిక్ కోసం వాదించి, బొమ్మ కోటు దగ్గరికి వచ్చేసరికి సందర్భం అనవసరం, ముక్కలే చూడండి అనడం కుదరదు.

మరి కలెక్టరు ఏం చేయాలి? ఆచరణలో చాలామంది మధ్యేమార్గం పడుతున్నారు. బొమ్మ ఉంచుకుంటారు, టోపీ, చేతిపట్టీ తీసి పక్కన పెడతారు. కోటు లోపల ఒక పూల గౌను తొడిగితే కూర్పు చెదిరిపోయి అది మళ్లీ ఉత్తి నల్లకోటు అవుతుంది. సీలు విప్పనివాళ్లకే ఇబ్బంది, ఎందుకంటే టోపీ తీస్తే బొమ్మ ధర పడిపోతుంది. అమ్ముకునే చోటా చిక్కే. నాజీ గుర్తులున్న వస్తువుల మీద ఆన్‌లైన్ వేలం సైటు ఈబే 2001 నుంచే ఆంక్షలు పెట్టింది. జర్మనీలో విమానాల మోడల్ కిట్ పెట్టె మీద బొమ్మలో తోక ఖాళీగా ఉంటుంది. లోపలి స్టిక్కరులో గుర్తును రెండు ముక్కలుగా అచ్చువేసే కంపెనీలు కూడా ఉన్నాయి, అతికించుకోవడం కొన్నవాడి ఇష్టం. చట్టానికి చిక్కకుండా సరుకు అమ్మే తెలివి అది. గులాబీ పెట్టిన చేతిపట్టీ దానికి దూరపు చుట్టమే అనిపిస్తుంది నాకు.

ఫ్యాషన్ బొమ్మకూ ఆ యూనిఫాంకూ మధ్య ఇంకో పాత బంధుత్వం ఉంది. చాలామంది కలెక్టర్లకు అందులో సగమే తెలుసు. బార్బీకి తల్లి లాంటిది బిల్డ్ లిల్లీ అనే జర్మన్ బొమ్మ. ఒక వార్తాపత్రిక కార్టూన్‌లోని అమ్మాయిని 1955లో బొమ్మగా చేశారు. పోలండ్ నుంచి అమెరికా వలస వచ్చిన యూదు దంపతుల కూతురు రూత్ హ్యాండ్లర్ 1956లో స్విట్జర్లాండ్‌లో దాన్ని చూసి, కొని తెచ్చుకుని, 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో బార్బీని నిలబెట్టింది. 1964లో ఆమె కంపెనీ మాటెల్ లిల్లీ హక్కుల్ని 21,600 డాలర్లకు కొనేసింది. ఇంతవరకు అందరూ చెప్పేదే.

లిల్లీని తయారుచేసిన హాసర్ కంపెనీ అంతకుముందు ప్రసిద్ధి పొందింది ఎలాస్టోలిన్ అనే ముద్దతో చేసిన సైనికుల బొమ్మలకు. రంపపు పొట్టులో జిగురు కలిపి, తీగ చట్రం మీద అచ్చుపోసేవారు. మన కొండపల్లి వాళ్లు పొట్టు, చింతగింజల పిండి కలిపి చేసుకునే మక్కు గుర్తొస్తుంది. 1930లలో ఆ జర్మన్ ముద్దతోనే కవాతు చేసే నాజీ దళాలు వచ్చాయి, నాయకులు వచ్చారు. చెయ్యి పైకి లేచి సెల్యూట్ కొట్టే హిట్లర్ కూడా వచ్చాడు. పిల్లలకే అమ్మారు. పొట్టు పగిలి రంగు లేచిపోయిన ఆ బొమ్మలు ఇప్పటికీ పాత సామాన్ల వేలాల్లో కనిపిస్తాయి. వాటి పక్కన పెట్టే చీటీ మీద మాత్రం ఆ బొమ్మ ఎవరిదో రాసే ఉంటుంది.